తొడిమ దగ్గరి ముక్క

గుమ్మడికాయ ఎంచేటప్పుడు సమ్మవ్వను తొందరపెట్టగల మనిషి ఆ కాలనీలో ఇంకా పుట్టలేదు. ముందు కాయను రెండు చేతులతో ఎత్తి చూసేది. కంటికి కనిపించిన దానికంటే చేతికి బరువుగా తగలాలి. తొడిమ ఎండి గట్టిపడి ఉండాలి. నేలకు ఆనిన చోట మచ్చ తెల్లగా ఉంటే పక్కన పెట్టేది, పసుపు తిరిగితే ఒళ్లోకి తీసుకునేది. తర్వాత వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి వినేది. ఇంత అయ్యాక బొటనవేలి గోరు గుచ్చి చూసేది. గుమ్మడికి గోరు దిగకూడదు, సొరకాయకు దిగి తీరాలి. కూరగాయలమ్మే వాళ్లు ఆమె రావడం చూసి నిట్టూర్చినా నోరు మెదిపేవారు కాదు. సమ్మవ్వ ఎంచిన బుట్ట దగ్గరికి వెనకాలే మరో పదిమంది వస్తారని వాళ్లకు తెలుసు.

అందుకే పెత్రమాస నాటి వంటావార్పుకు కాయలు ఎంచే పని కొమురెల్లి ఆమెకు అప్పగించాడు. సకల జనుల సమ్మె మొదలై పన్నెండు రోజులు దాటింది. గనిలోకి దిగే మనిషి లేడు. గేటు ముందు టెంటు వేసి కూర్చున్న కార్మికులు, పెద్దలకు పెట్టే ఆ అమావాస్య నాడు రోడ్డు మీదే వండి, గనిలో పోయిన వాళ్లకు ముందు విస్తర్లు వేసి, ఆ తర్వాత అందరూ కలిసి తినాలని అనుకున్నారు. కొమురెల్లి యూనియన్ మనిషి. మాటకంటే ముందు దండం పెట్టే రకం.

"పెద్దలకు పెట్టేదాయె సమ్మవ్వా. నీ చెయ్యి పడితె మాకు ఫికర్ ఉండది" అన్నాడు.

ఆదివారం సమ్మవ్వ అంగడికి మామూలు కంటే అరగంట ముందే బయలుదేరింది.

గుమ్మడికాయలు దొరికాయి. సొరకాయల దగ్గరే చిక్కొచ్చింది. వరుసకు చివర, వేపచెట్టు నీడలో రబియా బీ కూర్చుని ఉంది. ఈ వానాకాలమే శ్రీరాంపూర్ నుంచి వచ్చి ఆ చోటు పట్టింది. నలభై అయిదేళ్లుంటాయి. నోట్లో ఎప్పుడూ పాన్ ఉంటుంది, పక్కన చిన్న సున్నం డబ్బా ఉంటుంది. ఆమె సొరకాయలు లేతగా, నూగు చెదరకుండా చక్కగా ఉన్నాయి. సమ్మవ్వ ఒకటి తీసి తిప్పి చూసింది. తొడిమ పక్కన గోరంత ముక్క చెక్కి, ఆ చోట సున్నం పూసి ఉంది. ఇంకోటి తీసింది. దానికీ అంతే. మూడోదానికీ అంతే.

"గిదేంది బీ, కాయకు సున్నం పెట్టినవ్?"

"చెక్కిన కాడ పెట్టిన అక్కా. సున్నం పెడితె మురగది."

"చెక్కుడెందుకు మల్ల?"

రబియా నవ్వింది. నోటి నిండా పాన్ ఉంది. మాట్లాడబోయి చేయి అడ్డం పెట్టుకుంది. ఇంతలో ఎవరో వంకాయలు తూకం వేయమంటే అటు తిరిగింది. సమ్మవ్వ కాయను బుట్టలో పెట్టి లేచింది. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. అడిగినదానికి బదులు చెప్పకుండా నవ్వేవాళ్లను సమ్మవ్వ ఏనాడూ నమ్మలేదు.

ఇంటికొచ్చి, వేరే చోట కొన్న సొరకాయను కత్తిపీట మీద పెట్టింది. తొడిమ కోసి, దాని దగ్గరి ముక్క నాలుక మీద వేసుకుని, నమిలి, గిన్నెలు కడిగే జాలారిలో ఉమ్మింది. చిన్నప్పుడు తల్లి చేస్తుంటే చూసి అబ్బిన అలవాటు. చేయి తనంతట తానే చేసుకుపోయే పని. అది చేస్తున్నట్టు కూడా ఆమెకు తెలియదు. మిగతా కాయను టకటకా కోస్తూ సున్నం సంగతి భర్తతో చెప్పింది.

బుచ్చన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లు గనిలో కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టిన మనిషి. సమ్మెలో చేతులకు పనిలేక, ఒక కర్రతో క్వార్టర్ గోడను అక్కడక్కడా తట్టి వింటున్నాడు.

"అడగరాదు?" అన్నాడు.

"అడిగిన. నవ్వింది."

"నవ్వుడు తప్పా?"

"నీకు అన్నీ గట్లనే ఉంటయ్. ఏదో ఉన్నది దాని కాడ."

"ఉంటె ఉంటది. మేం గనిల కప్పును చూసి నమ్మం, చూసి భయపడం. ఇనుపరాడ్‌తోటి తట్టి చూస్తం. ఖంగుమంటె కింద నిలబడ్తం, డొల్లగ పలికితె జరుగుతం. గంతే."

"ఆడమనిషిని ఇనుపరాడ్‌తోటి తట్టాల్నా?" అని సమ్మవ్వ పొయ్యి వైపు తిరిగింది. బుచ్చన్న నవ్వి మళ్లీ గోడను తట్టాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె మళ్లీ అంగడికి పోయింది, ఈసారి కొనడానికి కాదు. గాజుల దుకాణం పరదా వెనక నిలబడి వేపచెట్టు వైపు చూసింది. రబియా ఇంకా బుట్టలు సర్దుకోలేదు. అటు తిరిగి కూర్చుంది, తల మీద కొంగు కప్పుకుని ఉంది. చిన్న కత్తితో కాయ మెడ దగ్గర గీసింది. తల వంచింది. కాసేపటికి పక్కకు ఉమ్మింది. సున్నం డబ్బాలో వేలు ముంచి కాయకు రాసింది. ఇంకో కాయ తీసింది. మళ్లీ గీసింది, వంగింది, ఉమ్మింది, రాసింది.

సమ్మవ్వ పరదాను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. పాన్ నములుతూ కాయలన్నిటి మీదా ఉమ్మి, పైన సున్నం పెట్టి, తెచ్చి జనాల చేత తినిపిస్తుందా? మందో మాయో తనకు తెలియదు. తెలియనిదే ఎక్కువ భయపెట్టింది. కత్తికీ ఉమ్మికీ నడుమ ఏం జరిగిందో కొంగు చాటున ఆమెకు కనబడలేదు. కనబడనిదాన్ని మనసు నిమిషంలో కల్పించి పెట్టింది.

దారిలో సారవ్వ కలిసింది. వెనక వరుస క్వార్టర్‌లో ఉంటుంది, సమ్మవ్వకంటే పదేళ్లు చిన్నది. "నీ ఒక్కదానికే చెప్తున్న, ఎవ్వలతోని అనకు" అని సమ్మవ్వ అంతా చెప్పింది. సాయంత్రం నల్లా దగ్గర బిందె పెట్టేసరికి అదే సంగతి మరో నలుగురు ఆమెకే తిరిగి చెప్పారు. ఈసారి అందులో నిమ్మకాయ కూడా చేరింది.

"గా కాయలు మనకెందుకక్కా, మా తీగెకు లేవా?" అంది సారవ్వ, బిందె చంకనెత్తుకుంటూ.

సమ్మవ్వ ఆమె వెంట పోయి చూసింది. సారవ్వ క్వార్టర్ రేకుల మీదంతా సొరతీగ అల్లుకుని ఉంది. ఏడు కాయలు. ఒక్క మచ్చ లేదు. ఒక్క గాటు లేదు. చూరుకు పాత సొరకాయ బుర్ర ఒకటి వేలాడుతోంది, మెడకు తాడు కట్టి.

"మా అత్తగారి ఊరిది. చేనుకు పోయినప్పుడు మా మామ దీంట్లనే నీళ్లు తీస్కపోయెటోడు. దీని గింజలే పెట్టిన, ఇగో గిట్ల ఎగబాకింది" అని సారవ్వ మురిసిపోయింది.

సమ్మవ్వ గోరు గుచ్చింది. వెన్నలో దిగినట్టు దిగింది. "కాయలంటే ఇవీ" అంది. సారవ్వకు ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు, అంత సంతోషం.

పెత్రమాస నాడు గేటు ముందు రోడ్డు మీద మూడు రాళ్లపొయ్యిలు వెలిగించారు. మూడు గంగాళాలు ఎక్కాయి. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో గుమ్మడికాయ పులుసు, మూడోదాంట్లో సొరకాయ పప్పు. గనిలో పోయినవాళ్ల ఫొటోలు బల్ల మీద వరుసగా పెట్టి పూలు వేశారు. సమ్మవ్వ కొంగు నడుముకు బిగించి నిలబడింది. ఉప్పు ఎంతో కారం ఎంతో అడగడానికి అందరూ ఆమె దగ్గరికే వస్తున్నారు.

పది గంటలకు రబియా బీ తోపుడు బండి తోసుకుంటూ వచ్చింది. బండిలో పది సొరకాయలున్నాయి.

"నా తరఫున తెచ్చిన భయ్యా. మీ సమ్మె గెలవాలె" అని కొమురెల్లితో అంది. కొమురెల్లి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పదింటికీ తెల్లగా సున్నం బొట్లు.

"ఈడ పెట్టు, నేను చూస్త" అంది సమ్మవ్వ.

రబియా కాసేపు పని కోసం చూసి, తరిగేవాళ్ల మధ్య కూర్చోబోయింది. వాళ్లు జరిగారు. చోటివ్వడానికి జరిగినట్టు లేదది. సమ్మవ్వ ఆమె ముందుకు ఉల్లిగడ్డల గంప తోసి, దూరంగా కూర్చోబెట్టింది. ఆమె అటు తిరగగానే పది కాయలూ గోనెసంచిలో వేసి, బుచ్చన్నను పిలిచి, "సప్పుడు చెయ్యకుంట మనింట్ల పెట్టిరా" అంది. బుచ్చన్న ఏదో అనబోయాడు. ఆమె ముఖం చూసి సంచి భుజానికెత్తుకున్నాడు.

సారవ్వ కాయలు కత్తిపీటల మీదికి వచ్చాయి. సమ్మవ్వ మొదటి కాయ తొడిమ కోసింది. దాని దగ్గరి ముక్క చేతిలోకి వచ్చింది. చేయి నోటి దాకా పోయింది, పోయి ఆగింది. పెద్దలకు పెట్టే వంట. వాళ్లకంటే ముందు నోరు పెట్టి ఎంగిలి చేయడమా? ముక్కను గంగాళంలో వేసింది.

ఉల్లిగడ్డలు వలిచీ వలిచీ కళ్లెర్రబడిన రబియా లేచి వచ్చింది. "అక్కా, నా కాయలు ఏవి?"

తరిగేవాళ్లంతా తలలెత్తారు. కొమురెల్లి కూడా అక్కడే ఉన్నాడు. అంతమందిలో పక్కన పడేశానని చెప్పడానికి సమ్మవ్వకు నోరు రాలేదు.

"ఏసిన. పప్పుల పడ్డయ్" అంది. తాము చూడకముందే ఆమె తరిగి వేసిందేమో అనుకుని తరిగేవాళ్లు మళ్లీ తలలు దించుకున్నారు.

రబియా ముఖం వెలిగింది. "షుకర్" అంటూ పోయి మళ్లీ గంప ముందు కూర్చుంది.

ఒంటిగంటకు ఫొటోల ముందు విస్తర్లు వేసి, ఒక్కొక్కరి పేరూ చదివి, అన్నీ వడ్డించారు. తర్వాత జనం రోడ్డు మీద బంతులుగా కూర్చున్నారు. సమ్మవ్వ మనుమరాలు హర్షిణి మొదటి బంతిలోనే కూర్చుంది. ఎనిమిదేళ్ల పిల్ల.

"నానమ్మా, పప్పు చేదున్నది" అంది.

సమ్మవ్వ వడ్డిస్తున్న గరిటె ఆపింది. "మెంతులు జెర మాడినట్టున్నయ్ బిడ్డా. పెద్దలకు పెట్టిన బువ్వ, ఇడిచిపెట్టద్దు. తిను" అంది. అందరూ అదే అనుకున్నారు. చేదుగానే ఉంది. అయినా చచ్చిపోయిన వాళ్ల పేరు చెప్పి వడ్డించిన మెతుకు వదలడానికి ఎవరికీ మనసొప్పలేదు. నీళ్లు తాగి మింగారు.

ఆఖరి బంతిలో రబియా కూర్చుంది. ఒక ముద్ద నోట్లో పెట్టి వెంటనే ఉమ్మేసింది. విస్తరి తోసి లేచి నిలబడింది.

"తినకుండ్రి. గిది చేదు సొరకాయ. జహర్ ఇది, తినకుండ్రి."

నోటి దాకా పోయిన చేతులు ఆగాయి. తర్వాత ఎవరో మగమనిషి లేచాడు. "పెద్దల బువ్వ ఉమ్మేస్తవా? ఎంత పొగరు నీకు" అన్నాడు. కొమురెల్లి అడ్డం వచ్చి రబియాను పక్కకు తీసుకుపోయాడు. ఆమె పోతూ పోతూ సమ్మవ్వ వైపు చూసింది. సమ్మవ్వ గరిటె కడుగుతూ ఉండిపోయింది.

గంట గడవకముందే వాంతులు మొదలయ్యాయి. ముప్పై మందికి పైనే. కడుపు పట్టుకుని మెలికలు తిరిగారు. హర్షిణిని బుచ్చన్న భుజాన వేసుకుని దవాఖానకు పరిగెత్తాడు. ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేర్చాల్సిన ఆడవాళ్లు మంచాల పక్కన సెలైన్ సీసాలు చూస్తూ కూర్చున్నారు. తంగేడు పూలు గుమ్మాల ముందే వాడిపోయాయి. డాక్టరు అందర్నీ అడిగింది ఒకటే మాట: "చేదు సొరకాయ ఏమన్న తిన్నరా?"

బదులు అందరి దగ్గరా తయారుగానే ఉంది. సున్నం కాయలు.

"దానికి ముందే ఎరుక. గందుకే నోట్లె పెట్టంగనే ఉమ్మింది" అన్నారు.

పెద్దల పుణ్యమో, డాక్టరు చేతి చలువో, ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. మర్నాటికి అందరూ తేరుకున్నారు. హర్షిణి పాలు అడిగింది. కానీ వేపచెట్టు కింద రబియా చోటు ఖాళీగా ఉంది. పొద్దున్నే ఎవరో పోయి బుట్టలు తన్నేశారట, మళ్లీ ఇక్కడ కనబడొద్దన్నారట. నల్లా దగ్గర ఆడవాళ్లు సమ్మవ్వకు దారి వదిలారు. "నువ్వు ముందుగాలనే కనిపెట్టినవక్కా. నీ మాట ఇని గా కాయలు ఏయకపోయేది ఉండె" అంది ఒకామె. సమ్మవ్వ బిందె సగం నిండకుండానే ఎత్తుకుంది. ఆ కాయలు పప్పులో పడలేదని ఆ కాలనీలో తెలిసినవాళ్లు ఇద్దరే.

రెండోవాడు ఇంట్లో కూర్చుని ఉన్నాడు. అతని ముందు గోనెసంచి తీసి ఉంది. పది కాయలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"ఇవి ఈడున్నయ్. మరి గంగాళంల పడ్డయి ఏ కాయలు?" అన్నాడు బుచ్చన్న.

సమ్మవ్వ కాయల మీద సంచి మళ్లీ కప్పబోయింది.

"తట్టి చూడు" అని అతను లేచి బయటికి పోయాడు.

ఆమె కత్తిపీట ముందేసుకుంది. ఒక కాయ తీసి, సున్నం బొట్టు పక్కనే ఇంకో ముక్క కోసింది. నాలుక మీద వేసుకుంది. చప్పగా, చల్లగా, చివర కొంచెం తీయగా ఉంది. రెండోది కోసింది. పది కాయలూ చూసింది. పదీ మంచివే. అప్పుడు లేచి సారవ్వ ఇంటికి పోయింది. తీగకు ఇంకో కాయ మిగిలి ఉంది, అన్నిటికంటే అందమైంది. తొడిమ దగ్గర ముక్క కోసి నోట్లో పెట్టుకుంది.

నాలుక ముడుచుకుపోయింది. చేదు గొంతు దాకా పాకింది. ఆమె పక్కకు తిరిగి ఉమ్మింది. ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకోబోయి అలాగే నిలబడిపోయింది. గాజుల దుకాణం పరదా వెనక నుంచి తను చూసింది ఇదే. కత్తి, వంచిన తల, ఉమ్మి. కాయ కాయకూ నోరు పెట్టి చూసి, మంచిదైతేనే సున్నం బొట్టు పెట్టి బుట్టలో వేసింది రబియా. తన ఇంట్లో రోజూ తాను చేసే పనే అది. ఇంకొకరి నోరు చేస్తే తను గుర్తుపట్టలేకపోయింది.

సారవ్వ గడపలో నిలబడి చూస్తోంది. ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది. చూరుకు వేలాడే బుర్ర వైపు ఒకసారి చూసి, "నీళ్ల బుర్రకు పెట్టే చేదు సొర గింజలా అక్కా అవి?" అంది. "నా పేరు చెప్తవా?"

"నీ పేరెందుకు. నువ్వు ఇచ్చినవ్. గోరు గుచ్చి మంచియన్నది నేను. ఎంగిలైతదని నోట్లె పెట్టుకోనిది నేను" అంది సమ్మవ్వ. "గీ తీగె మాత్రం పీకెయ్."

ఆమె తిన్నగా టెంటు దగ్గరికి పోయింది. కొమురెల్లి పక్కకు పిలిచి విన్నాడు. తల గోక్కున్నాడు.

"అందరు మంచిగైండ్రు కద సమ్మవ్వా. ఇప్పుడిది లేపితె సమ్మెల మనల మనకే లొల్లి. పోనియ్."

"ఆమెను లేపినప్పుడు లొల్లి కాలేదా?" అంది సమ్మవ్వ. అని, కూర్చున్న వాళ్లందరి ముందుకూ పోయి నిలబడింది. ఆమెకు ఉపన్యాసం రాదు. రబియా కాయలు తన ఇంట్లో ఉన్నాయని, పప్పులో వేశానని అబద్ధం చెప్పింది తనేనని, చేదు కాయ ఎంచింది తనేనని మూడు మాటల్లో చెప్పింది. నిన్న లేచి అరిచిన మగమనిషి బీడీ వెలిగించుకున్నాడు. కాయలు ఎంచడానికి ఇక తనను ఎవరూ పిలవరని ఆమెకు అర్థమైంది.

గురువారం పొద్దున్నే పది కాయలూ గంపకెత్తుకుని రబియా ఇంటికి పోయింది. రబియా గడపలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

"తప్పు చేసిన బీ" అంది సమ్మవ్వ.

"టెంటుకాడ చెప్పినవట. విన్న." రబియా గంపలోకి చూసింది. "మా అక్క లగ్గంల సొరకాయ దాల్చా ఇట్లనే చేదైంది. మా అమ్మీ మూడు దినాలు దవాఖానల ఉండె. అప్పటిసంది నోట్లె పెట్టనిది నేను కాయ అమ్మ. అడిగితె చెప్తుంటి."

"అడిగిన. నువ్వు నవ్వినవ్."

"నోట్ల పాన్ ఉండె. మల్లొకసారి అడగొద్దా?"

సమ్మవ్వ గంపను గడప ముందు దించింది. "అంగడికి నడువు. నేను పక్కన కూసుంట" అంది. రబియా ఒక కాయ తీసి, సున్నం బొట్టు పక్కనున్న కొత్త గాటు చూసింది. తర్వాత తల మీద కొంగు సర్దుకుని, కత్తీ సున్నం డబ్బా తీసుకుని, తలుపు దగ్గరికి వేసింది.

వేపచెట్టు కింద ఇద్దరూ కూర్చున్నారు. జనం చూస్తూ పోతున్నారు, ఆగడం లేదు. చాలాసేపటికి నల్లా దగ్గర సమ్మవ్వను మెచ్చుకున్న ఆమె వచ్చి, కాయలకేసి, రబియాకేసి, చివరికి సమ్మవ్వకేసి చూసింది.

"మంచియేనా అక్కా?"

రబియా ఒక సొరకాయ తీసింది. దాన్నీ, కత్తినీ సమ్మవ్వ చేతిలో పెట్టింది. "నా నోటిని ఎవ్వలు నమ్మలె. నువ్వు చూసి చెప్పు."

సమ్మవ్వ తొడిమ దగ్గర ముక్క కోసి, నమిలి చూసింది. పక్కకు తిరిగి ఉమ్మింది. సున్నం డబ్బాలో వేలు ముంచి గాటు మీద రాసింది. "మంచిదే" అంది. కొనే ఆమె మారు మాట్లాడకుండా కాయను సంచిలో వేసుకుంది. వెనక నిలబడిన ఇంకో ఇద్దరు ముందుకు జరిగారు.

"చూసినవా అక్కా" అంది రబియా, చిన్నగా. "నువ్వు ఉమ్మితె ఎవ్వలు ఏమనలె."

సమ్మవ్వ తల ఎత్తలేదు. గంపలోంచి రెండో కాయ తీసుకుంది.